సైలెన్సర్ పని

మన పత్రికలో మిల్లు రోజుల గురించి చాలామంది రాశారు. నేను కూడా అదే రాద్దామని కూర్చున్నాను గానీ, కలం పట్టుకుంటే వచ్చింది మాత్రం మోటారుకారు సంగతి. చదివేవాళ్లు నవ్వుకోవద్దు. నా చదువు వర్లీ మున్సిపాలిటీ తెలుగు బడిలో ఐదో తరగతి దాకానే. తప్పులుంటే సంపాదకులు దిద్దుతారని ధైర్యం.

మాది సిరిసిల్ల వైపు పల్లె. మా నాయిన బొంబాయి వచ్చి సాంచాల మీద పడ్డాడు, ఆయన వెనక నేను. 1977లో బదిలీగా ఎక్కాను. 1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. దత్తా సామంత్ సమ్మె సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మన ఇంటింటి కథే అది. సమ్మె తర్వాత మళ్లీ తీసుకున్నారు, మిల్లు మూతపడేదాకా చేశాను, ఆ తర్వాత భివండీలో పవర్‌లూమ్. మొత్తం నలభై ఏళ్లు సాంచాల మధ్యనే గడిచింది. నా చెవులు ఎట్లున్నాయో వేరే చెప్పను. మీ ఇంట్లో పెద్దాయన టీవీ ఎంత గట్టిగా పెట్టుకుంటాడో చూడండి, నావీ అవే చెవులు.

మా చిన్నోడు సాంచా ముట్టలేదు. నేనే ముట్టనియ్యలేదు. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సు చేసి, పదేళ్లు ఇంకొకరి దగ్గర పని నేర్చుకుని, కుర్లాలో సి.ఎస్.టి. రోడ్డు వైపు చిన్న గాలా కిరాయికి తీసుకుని సొంతంగా గ్యారేజీ పెట్టాడు. అక్కడ ఎక్కువగా జరిగేది ఒకటే పని. కార్లకు కంపెనీ వాళ్లు బిగించి ఇచ్చిన సైలెన్సర్ తీసేసి బయట దొరికే వేరే సైలెన్సర్ బిగించడం. వాడు "ఎగ్జాస్ట్" అంటాడు. ఇంట్లో కూర్చుంటే మా ఇంటామె జాబర్ లెక్క పనులు చెప్తుంది కాబట్టి, వారానికి మూడు నాలుగు రోజులు బస్సెక్కి నేనూ అక్కడికే పోతాను. రిజిస్టర్ రాస్తాను, పిల్లలకు చాయ్ చెప్తాను, పానాలు లెక్క పెడతాను.

మొదట్లో నాకు ఒకటే అనుమానం. బండి చప్పుడు తగ్గించడానికి సైలెన్సర్ పెట్టారు గదా, దానికి రెండు లక్షలు పోసి చప్పుడు పెంచుకునేది ఎందుకు? వాడిని అడిగితే, "బాపూ, నువ్వు ఒకసారి వినాలె" అన్నాడు. నాకు వినమని చెప్పిన మనిషి వాడొక్కడే.

ఆ కారు వచ్చింది ఒక శనివారం. ఫోర్డ్ మస్టాంగ్. ముందర ఉరికే గుర్రం బొమ్మ. అమెరికా బండి, మన దేశంలో 2016 నుంచి కొన్నేళ్లు అమ్మారు. అయిదు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, నాలుగు ఒక పక్క, నాలుగు ఒక పక్క. యజమాని ముప్పై ఏళ్ల కుర్రాడు. మంచివాడే, నన్ను "అంకుల్" అని పలకరించి కుర్చీ జరిపాడు. ఎక్కడుంటావు బాబూ అంటే లోయర్ పరేల్‌లో ఒక టవర్ పేరు చెప్పాడు. మా మిల్లు పక్క మిల్లు జాగా అది. అక్కడ నూలు గోదాము ఉండేదని అతనికి చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పి ఏం లాభం, ఫ్లాటు కొనుక్కున్నాడు గానీ మిల్లు మూయించింది అతను కాదు గదా.

అతను తెప్పించిన కొత్త సెట్టు పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. స్టీలు గొట్టాలు, అద్దం లెక్క మెరుస్తున్నాయి. ధర రెండు లక్షల పైచిలుకు. మిల్లు మూసినప్పుడు నా చేతికొచ్చిన మొత్తం అంతకంటే తక్కువ. ఇది లెక్క కోసం చెప్తున్నాను, ఏడుపు కోసం కాదు.

ఇక పని సంగతి. ఇది తెలుసుకుంటే మంచిది, మన పిల్లలు చాలామంది ఇప్పుడు బండ్ల మీద మోజు పడుతున్నారు.

ఇంజనులో పెట్రోలు కాలిన పొగ ముందు మానిఫోల్డు అనే దుక్క గొట్టంలోకి వస్తుంది. అక్కడి నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. దాని లోపల తేనెపట్టు లెక్క సన్నటి కన్నాల పింగాణీ గడ్డ ఉంటుంది, దానికి ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. విషపు పొగను చాలావరకు మంచిగా మార్చేది అదే. దొంగలు కారు కిందికి దూరి దాన్నే కోసుకుపోతారట. దానికి ముందొకటి, వెనకొకటి సెన్సర్లు ఉంటాయి. ఆ తర్వాత రెజొనేటర్, చివర వెనక బంపరు కింద సైలెన్సర్ డబ్బాలు, ఈ బండికి రెండు. కన్వర్టర్ ముట్టకుండా దాని వెనకున్నది మొత్తం మారిస్తే క్యాట్-బ్యాక్ అంటారు. వెనక ఇరుసు తర్వాతది మాత్రమే మారిస్తే యాక్సిల్-బ్యాక్. కుర్రాడు తెచ్చింది క్యాట్-బ్యాక్.

బండి వేడిగా ఉంటే మావాడు చెయ్యి పెట్టనియ్యడు. రెండు గంటలు చల్లారనిచ్చి లిఫ్టు మీద ఎత్తారు. బోల్టులకు తుప్పు నూనె కొట్టి ఇంకో అరగంట ఆగారు. ఆగకుండా తిప్పితే బోల్టు తెగుతుంది, తెగితే దాన్ని తవ్వి తీయడానికే పూట గడుస్తుంది. నాకు ఈ ఆగడం నచ్చింది. సాంచా మీద కూడా కంగారు పడ్డవాడే పోగులు తెంపుకునేవాడు. తర్వాత క్లాంపులు వదులు చేశారు. సైలెన్సర్ బండికి రబ్బరు చెవుల మీద వేలాడుతుంది. వాటికి సబ్బు నీళ్లు రాస్తే కడ్డీలు జారి వస్తాయి, లేకపోతే ఇద్దరు గుంజినా రావు. కింద జాకీ పెట్టి, ఇద్దరు కుర్రాళ్లు రెండు పక్కలా పట్టుకుని పాతది దింపారు. మోయలేక వాళ్ల మెడ నరాలు ఉబ్బాయి.

కొత్తది బిగించేటప్పుడు అన్నీ వదులుగానే తగిలించాలి. ముందు నుంచి వెనక్కి ఒక్కొక్క ముక్క వేసుకుంటూ పోయి, రబ్బర్లన్నీ ఎక్కించి, వెనక రెండు మూతులూ బంపరు సందులో సమానంగా వచ్చాయా లేదా చూసి, అప్పుడే ముందు నుంచి బిగించుకుంటూ రావాలి. బంపరుకూ గొట్టానికీ మధ్య వేలు దూరే సందు ఉండాలి, ఎందుకంటే కాలితే ఇనుము పెరుగుతుంది, ఇంజను కదిలితే గొట్టమూ కదులుతుంది. కుడి మూతి కొంచెం కిందికి దిగింది. కుర్రాళ్లకు కనబడలేదు, నాకు కనబడింది. సాంచా లెవెలు చూసిన కళ్లు అవి. "ఒక నూలు వాసి పైకి లేపు" అన్నాను. టేపు పెట్టి కొలిస్తే నిజమే. చెవులు పోయినా కళ్లున్నాయని ఆ రోజంతా కొంచెం గర్వంగానే ఉన్నాను.

చివరికి గుడ్డతో వేలిముద్రలన్నీ తుడిచారు. తుడవకపోతే మొదటిసారి కాలినప్పుడు ఆ ముద్రలు స్టీలు మీద మచ్చలై ఉండిపోతాయి. ఇంజను తిప్పగానే కొంచెం పొగ వచ్చింది. గొట్టాల మీది నూనె కాలడం అది, భయం లేదు. అతుకుల దగ్గర సబ్బు నీళ్లు చల్లి బుడగలు వస్తున్నాయా అని చూశారు. రాలేదు.

అప్పుడు కుర్రాడు యాక్సిలరేటర్ తొక్కాడు.

నేను చెప్పేది నమ్మండి. నా మనవరాలు పక్కన కూర్చుని మాట్లాడితే నాకు సగం మాటలు అందవు. ఆ పిల్ల గొంతు సన్నది. ప్రెషర్ కుక్కర్ విజిల్ వినబడదు. పిచ్చుకల కూత ఎట్లుంటదో మరిచిపోయాను. ఆ బండి చప్పుడు మాత్రం మొత్తం వినబడింది. చెవిలో కాదు, ముందు రొమ్ములో, తర్వాత కాళ్ల కింద బండల్లో. సాంచా ఖాతాలో పాళీ మొదలైనప్పుడు వందల సాంచాలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే నేల అట్లే వణికేది. చాలా ఏళ్ల తర్వాత పూర్తిగా విన్న చప్పుడు అది. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. కుర్రాడు నా మొహం చూసి, సంతోషపడి, ఇంకా గట్టిగా తొక్కాడు.

ఇంత ముచ్చట పడ్డవాడిని ఇప్పుడు దాన్ని తప్పు అంటే రెండు నాలుకల మనిషిని అనుకుంటారు. అనుకోండి.

మావాడు బండి వెనక, మూతులకు రెండు మూరల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, ఎక్కడైనా గాలి కారుతున్నదా అని చెయ్యి పెట్టి చూస్తున్నాడు. చెవులకు ఏమీ లేదు. ఒక కుర్రాడు ఫోనులో చప్పుడు కొలిచే యాప్ పెడితే అంకె నూరు దాటింది. నేను పోయి మావాడి భుజం తట్టి ఏదో అడిగాను. వాడు తల తిప్పి, "ఆఁ?" అన్నాడు. బండి బంద్ చేసినాక మళ్లీ అడిగాను. మళ్లీ "ఆఁ?" అన్నాడు, కుడి చెవి నా వైపు తిప్పి.

ఆ తిప్పడం నాకు తెలుసు. మా నాయిన అట్లే తిప్పేవాడు. నేనూ అట్లే తిప్పుతాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వాడితో, "చెవులు చూపించుకుందాం పా" అన్నాను. "పని ఉంది బాపూ" అన్నాడు. మూడు వారాలు అదే మాట. చివరికి నాకే పరీక్ష చేయించాలని అబద్ధం చెప్పి తోడు తీసుకుపోయి, అక్కడ ఇద్దరం చేయించుకున్నాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు డబ్బాలు పెట్టి సన్నటి చప్పుళ్లు వినిపిస్తారు, వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. కాగితం మీద గీత గీసి ఇస్తారు. లావు చప్పుళ్లు ఎడమ వైపు, సన్నటివి కుడి వైపు. నా గీత ఎడమ వైపు కొంచెం నిలబడి, తర్వాత గుట్ట మీది నుంచి రాయి దొర్లినట్టు కిందికి పోయింది. మావాడి గీత చక్కగా పోతూ పోతూ 4000 అనే అంకె దగ్గర గుంట పడి మళ్లీ లేచింది. రెండు చెవులకూ. వాడికి ముప్పై నాలుగేళ్లు.

చప్పుడు దెబ్బకు ముందు పోయేది అక్కడేనట. చెవి లోపల నత్తగుల్ల లాంటి దాంట్లో వెంట్రుకల లాంటి కణాలుంటాయి, చప్పుడుకు అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. మందు లేదు, ఆపరేషన్ లేదు. లావు చప్పుడు వినే భాగం చివరిదాకా ఉంటుంది. నాకు మనవరాలి మాట అందక, మస్టాంగ్ చప్పుడు అందింది ఎందుకో ఆ రోజు తెలిసింది.

ఫ్యాక్టరీలకు పెట్టిన లెక్క కూడా డాక్టరమ్మ చెప్పింది. చెవులకు ఏమీ పెట్టుకోకుండా 90 డెసిబెల్స్ అయితే రోజుకు ఎనిమిది గంటలు, 95 అయితే నాలుగు, 100 అయితే రెండే, 115 అయితే పావుగంట. మేము సాంచా ఖాతాలో చేసింది ఎనిమిది గంటల పాళీలు, ఒక్కోసారి డబుల్. ఇంకో సంగతి మనవాళ్లు తప్పక గుర్తు పెట్టుకోవాలి. చప్పుడుతో వచ్చే చెవుడు పాత ఫ్యాక్టరీ చట్టం మూడో షెడ్యూల్లో రాసి పెట్టిన జబ్బు. పాత ఇ.ఎస్.ఐ. చట్టంలోని పని జబ్బుల పట్టికలో కూడా ఉండేది. మేము దాన్ని జబ్బు అనుకోలేదు. సాంచా వాడికి చెవుడు రావడం, వడ్రంగి చేతికి కాయ కాసినట్టు, అనుకున్నాం. మన పిల్లలు ఇంకా లూముల మీద, గ్రైండింగ్ మిషన్ల మీద ఉన్నారు. వాళ్ల చెవులు పరీక్ష చేయించి కాగితం దాచిపెట్టండి.

ఇంటికి వస్తుంటే మావాడు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. దిగినాక అన్నాడు, "గాలా కిరాయి, ముగ్గురు పిల్లల జీతాలు. ఇది బంద్ చేస్తే ఏం తినాలె బాపూ?"

బంద్ చేయమని నేను అనలేదు. అనడానికి నాకేం మొహం ఉంది? చెవులు పోతున్నాయని నాకు తెలియదా, అయినా పిల్లల ఫీజు కోసం సాంచా వదలలేదు. అయితే పోలీసుల సంగతి మాత్రం చెప్పాను. బండి కాగితాల్లో ఉన్నదానికి భిన్నంగా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. చప్పుడు, పొగ హద్దు దాటితే 190 కింద, 2019లో చట్టం మార్చినాక, మొదటిసారికే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. ఊరూరా పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి రోలరుతో తొక్కిస్తున్న బొమ్మలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. "వాళ్లు రేసు ట్రాకు మీద నడుపుకుంటరు" అంటాడు మావాడు. ట్రాకు దాకా బండిని నెత్తిన పెట్టుకుని పోరు గదా, అన్నాను. దానికి జవాబు లేదు.

పోనీ దాంతో ఏమన్నా బలం వస్తుందా అంటే, అదీ అంతంత మాత్రమే. దగ్గర దగ్గర నాలుగు వందల గుర్రాల ఇంజను అది. క్యాట్-బ్యాక్ మారిస్తే అయిదో పదో పెరిగితే గొప్ప అని మావాడే ఒప్పుకుంటాడు. బరువు కొన్ని కిలోలు తగ్గుతుంది. మిగతాదంతా చప్పుడే. ఒకసారి పాత డబ్బా ఒకటి కోసి చూపించాడు. కంపెనీ దాంట్లో గోడలు కట్టి గదులున్నాయి, చిల్లుల గొట్టాలు అటూ ఇటూ మలిపారు. చప్పుడు ఆ గోడలకు కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయి బయటికి వస్తుంది. కొత్త రకందాంట్లో నేరుగా ఒకే చిల్లుల గొట్టం, చుట్టూ కూరిన గాజు నూలు. చేత్తో తీసి చూశాను. మన స్పిన్నింగ్ ఖాతాలో రోవింగ్ ఉంటుంది చూడండి, అచ్చం అదే పురి, తెల్లగా. చేతులు మాత్రం సాయంత్రం దాకా దురద పెట్టాయి.

మస్టాంగ్ కుర్రాడు నెల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి ఆ కన్వర్టర్లు కూడా తీసేసి నేరుగా గొట్టం వెయ్యమన్నాడు. ఇంకా గట్టిగా అరుస్తుందట. మావాడు నా వైపు చూశాడు. నేను రిజిస్టర్ వైపు చూశాను. అది వాడి గ్యారేజీ, వాడే చెప్పాలి. కొంచెం సేపు పానాతో ఆడుకుని, "అది చెయ్యను సార్, పొగ టెస్టులో దొరుకుతరు, నేనూ దొరుకుత" అన్నాడు. కుర్రాడు ఇంకో గ్యారేజీ ఉందిలే అని పోయాడు. ఆ నెల కిరాయి కట్టడానికి మా కోడలు చీటీ ముందే ఎత్తాల్సి వచ్చింది. ఈ మాట రాయొద్దంది, రాశాను.

ఇంకో సంగతి మరిచిపోయాను. ఆ బండి నుంచి దించిన పాత సైలెన్సర్‌ను కుర్రాళ్లు భంగారు వాడికి వేసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. గోనెపట్టాలో చుట్టి, బోల్టులు, క్లాంపులు, రబ్బర్లు గుడ్డసంచీలో కట్టి, బండి నంబరు చీటీ అంటించి అటక మీద పెట్టించాను. మిల్లు స్టోరులో నేను చూసింది అదే, తీసినదాన్ని పారేయరు. "ఈయన మ్యూజియం పెడతడు" అని కుర్రాళ్లు నవ్వారు.

వర్షాకాలం అయిపోయినాక ఒక పొద్దున ఆ మస్టాంగ్ గేటు ముందుకు వచ్చింది. కన్వర్టర్లు అట్లే ఉన్నాయి, ఇంకో చోట కూడా తీయించలేదు. కుర్రాడికి బిడ్డ పుట్టి నలభై రోజులు. రాత్రి పార్కింగులోకి బండి రాగానే మూడో అంతస్తులో పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుస్తుందట. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒకే వేగంతో పోతుంటే లోపల గుయ్యిమని ఒకటే మోత, పూణే చేరేసరికి భార్యకు తలనొప్పి. దాన్ని డ్రోన్ అంటారట. సొసైటీలో రెండు నోటీసులు ఇచ్చారు. "పాతది దొరుకుతుందా అంకుల్, కొత్తది కంపెనీలో చాలా ఖరీదు" అని మొహం చిన్నబుచ్చుకుని అడిగాడు.

అటక మీది నుంచి గోనెపట్టా దించాం. ఒక్క రబ్బరు కూడా తక్కువ కాలేదు. కుర్రాళ్లు నవ్వలేదు ఈసారి.

ఇప్పుడు మావాడి గ్యారేజీలో అట్లా చీటీలు అంటించిన మూటలు చాలా ఉన్నాయి. తీసినవి తిరిగి బిగించే పని కూడా మెల్లగా వస్తున్నది. దాంట్లో పైసలు తక్కువ, పోలీసు భయం లేదు. చప్పుడు పని పూర్తిగా పోలేదు, ఉన్నదున్నట్టు చెప్పాలి గదా. పోయిందని రాస్తే మీరు సంతోషపడతారు గానీ అది అబద్ధం.

నాగ్‌దేవి వీధికి పోయి నేనే నాలుగు జతల చెవి డబ్బాలు కొనుక్కొచ్చాను, లోపల పెట్టుకునే రబ్బరు బిరడాలు ఒక డబ్బా. మొదట్లో మావాడు పెట్టుకోలేదు. పెట్టుకుంటే కుర్రాళ్లు చెప్పేది వినబడదు, పానా చేతి మీద పడుతుంది, అన్నాడు. అది నిజమే. అప్పుడు నాకు సాంచా ఖాతా గుర్తొచ్చింది. అక్కడ ఎవరి మాట ఎవరికి వినబడేది? నలభై ఏళ్లు చేతులతోనే మాట్లాడుకున్నాం గదా. రెండు పిడికిళ్లు కలిపితే ఆపు. చూపుడు వేలు విరిచినట్టు చేస్తే పోగు తెగింది. బొటనవేలు నోటి దగ్గర వంచితే చాయ్. మీసం మీద వేలు రాస్తే జాబర్ వస్తున్నాడు, జాగ్రత్త. ఒక ఆదివారం ముగ్గురు కుర్రాళ్లను, మావాడిని కూర్చోబెట్టి అవన్నీ నేర్పాను. పోగు తెగిందనే సైగను వాళ్లు బోల్టు తెగిందని మార్చుకున్నారు.

మొన్న ఒక బండి తిప్పి చూస్తున్నారు. నలుగురికీ చెవుల మీద డబ్బాలున్నాయి. మావాడు బండి కింది నుంచి నన్ను చూసి, మీసం మీద వేలు రాశాడు. సైగ తప్పు చేశాడు, చాయ్ అడుగుతున్నాడేమో అనుకున్నాను. వాడు మళ్లీ రాసి, గడ్డంతో గేటు వైపు చూపించాడు. వెనక్కి తిరిగితే మా ఇంటామె, నేను ఇంట్లో మరిచిపోయిన డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.